చీకటి గదులలో చిన్ని చేతులు

ఇరువదవ శతాబ్ది తొలి దినములలో అమెరికా దేశపు న్యూయార్కు నగరమున స్త్రీలు పెద్ద టోపీలు ధరించుట వేడుకగా నుండెను. ఆ టోపీల అంచుల చుట్టును గులాబీలు, నీలిపూలు, పచ్చని ఆకులు అందముగా అమర్చబడి యుండెడివి. అవి తోటలో పూచిన పూవులు కావు. గుడ్డతోను, జిగురుతోను, సన్నని తీగెతోను చేసిన కృత్రిమ పుష్పములు. అంగడి అద్దముల వెనుక నవి మెఱయుచుండగా దారిన పోవువారు నిలిచి చూచి మెచ్చుకొనెడివారు. అవి ఎవరి చేతులలో పూచినవో అడిగినవారు మాత్రము అరుదు.

అడిగిన కొలదిమందిలో లూయీ విక్స్ హైన్ అను ఉపాధ్యాయు డొకడు. అతడు ప్రశ్నించి ఊరకుండలేదు. బరువైన ఛాయాగ్రహణ యంత్రమును మోసికొని, ఇరుకైన మెట్లెక్కి, ఆ పూలు పూచు గదులలోనికే పోయెను. అతడు తెచ్చిన చిత్రములు ఒక దేశపు మనస్సాక్షిని కలచివేసినవి.

ఆ కాలమున ఇటలీ, రష్యా మొదలగు దేశములనుండి లక్షలకొలది పేదలు ఓడలెక్కి న్యూయార్కు చేరుచుండిరి. వారికి దొరకిన నివాసములు అయిదారంతస్తుల ఇరుకు అద్దెమేడలు. వీనిని అచ్చటివారు టెనిమెంట్లనిరి. ఆర్చర్డు వీథిలో 97వ సంఖ్యగల అట్టి మేడ 1863లో కట్టబడినది. అది నేడు ప్రదర్శనశాలగా నిలిచియున్నది. అందు ఒక్కొక్క కాపురమునకు మూడేసి గదులు. మూడును కలిపి సుమారు 325 చదరపు అడుగులు మాత్రమే. బయటివైపు గదికే గాలియు వెలుతురును. లోపలి గదులలో పగలు సైతము దీపము కావలసినదే. 1935 వరకు ఆ యొక్క మేడలోనే సుమారు ఏడువేలమంది వేర్వేరు కాలములందు కాపురముండిరని చెప్పుదురు. వంట అచ్చటనే, పడక అచ్చటనే, రోగము అచ్చటనే. పనియు అచ్చటనే.

ఇంటిపని యనగా ఇల్లు ఊడ్చుట, అంట్లు తోముట కాదు. కర్మాగారమున జరుగవలసిన పని ఇంటికి వచ్చుటయే ఇచ్చట ఇంటిపని. వర్తకుడో, అతని కంట్రాక్టరో సగము కుట్టిన కోటులను, పూరేకులను, పగులగొట్టిన అక్రోటు కాయల సంచులను పేదల యిండ్లకు పంపును. పూర్తియైన వస్తువులను లెక్కించి, డజనుకింత, గ్రోసుకింత యని కూలి చెల్లించును. ఇందు వర్తకునకు లాభము మెండు. గది అద్దె, దీపపు ఖర్చు, చలికాలపు బొగ్గు ఖర్చు అన్నియు పనివారి నెత్తిపైననే పడును. పని యున్నప్పుడు రాత్రింబవళ్లు చేయించుకొనవచ్చును, లేనప్పుడు పొమ్మనవచ్చును. కర్మాగారములో పదునాలుగేండ్లలోపు బాలుని నియమించినచో తనిఖీ అధికారి వచ్చి పట్టుకొనును. ఇంటిలో తల్లి ప్రక్కన కూర్చుండి పూరేకు లతికించు బాలుని పట్టుకొనువా డెవడు? ఇంటి తలుపు మూసియున్నది. చట్టపు కన్ను ఆ తలుపు దాటి పోలేదు.

ఆ తలుపును ముందుగా తట్టినవాడు జేకబ్ రీస్. అతడు డెన్మార్కు దేశమున 1849లో జన్మించి, 1870లో అమెరికా చేరి, ఆకలిని స్వయముగా చవిచూచి, తుదకు పత్రికా విలేఖరి యయ్యెను. 1887 ప్రాంతమున మెగ్నీషియము చూర్ణమును మండించి చీకటిలో చిత్రములు తీయు విధానము వెలసినది. రీస్ దానిని వెంటనే చేపట్టెను. అది అపాయకరమైన సాధనము. ఒకనాడు అంధులైన భిక్షుకులు నివసించు గదిలో చిత్రము తీయగా, ఎగసిన మంట గోడకు వ్రేలాడు చిరుగుపాతల కంటుకొనెను. చూపు లేని ఆ యభాగ్యుల నడుమ రీస్ ఒంటరిగా నిలిచి, ఎంతో శ్రమపడి ఆ మంట నార్పెను. 1890లో అతడు ప్రకటించిన గ్రంథము, నగరములో సగముమంది ఎట్లు బ్రదుకుచున్నారో తక్కిన సగమునకు తెలియజెప్పినది. గదిలో చుట్టలు చుట్టు కుటుంబములను గూర్చియు, కుట్టుపనివారిని గూర్చియు అందు వ్రాసెను.

రీస్ వేసిన దారిని రాజబాటగా మార్చినవాడు హైన్.

లూయీ హైన్ 1874వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఆష్‌కాష్ పట్టణమున జన్మించెను. 1892లో తండ్రి ప్రమాదమున మరణించుటచే కుటుంబభార మాతనిపై పడెను. కుర్చీలు, సోఫాలు తయారుచేయు కర్మాగారమున దినమునకు పదుమూడు గంటలు, వారమునకు ఆరు దినములు పనిచేసి, వారమునకు నాలుగు డాలర్లు సంపాదించెను. శ్రమ యనగా నేమో అతడు పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. పిమ్మట పట్టుదలతో చదువుకొని 1901లో న్యూయార్కు చేరి, ఒక పాఠశాలలో ప్రకృతిశాస్త్రము, భూగోళము బోధించు ఉపాధ్యాయుడయ్యెను. ఆ పాఠశాల ప్రధానాధికారి ప్రోత్సాహమున కెమేరా చేతబట్టెను. ఓడలు దిగు వలసజనులను ఎల్లిస్ ద్వీపమున చిత్రించుచు 1904 మొదలుకొని తన విద్యకు మెఱుగు పెట్టుకొనెను.

ఆ 1904లోనే జాతీయ బాలకార్మిక సంఘము స్థాపితమైనది. దాని కర్తవ్యము కఠినమైనది. 1900 నాటి జనాభా లెక్కల ప్రకారము పది మొదలు పదునైదేండ్ల వయస్సుగల బాలలలో సుమారు పదునేడున్నర లక్షలమంది కూలికి పోవుచుండిరి. అనగా ఆరుగురిలో ఒకనికంటె ఎక్కువ. పదేండ్ల లోపువారు ఆ లెక్కలో చేరనే లేదు. అంకెలు పెద్దవే, కాని అంకెలకు ముఖములుండవు. అంకెను చూచి కన్నీరు పెట్టినవా రుండరు. ఈ సత్యమును గ్రహించిన సంఘము 1908లో హైన్‌ను తన ఛాయాచిత్రకారునిగా నియమించుకొనెను. అతడు బడిపని మానెను; కాని బోధించుట మానలేదు. అతని పాఠశాల విశాలమైనది, అంతియే.

న్యూయార్కు అద్దెమేడలలో హైన్ పలుమారులు తిరిగెను. 1908 జనవరిలో మేరీ వాన్ క్లీక్ అను పరిశోధకురాలు నగరపు అద్దెమేడలలోని బాలశ్రమను గూర్చి ఒక వ్యాసము ప్రకటింపగా, దానికి హైన్ చిత్రములే అలంకారమైనవి. 1911, 1912 సంవత్సరములలో అతడు మరల ఆ వీథులలో ప్రవేశించి విరివిగా చిత్రములు తీసెను. ఆనాటి యంత్రము నేటివలె జేబులో ఇముడునది కాదు. మూడుకాళ్ల ఆధారముపై నిలుపవలసిన పెట్టె. అందు ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క గాజుపలక. చీకటి గదిలో మెగ్నీషియము చూర్ణమును మండించినచో, కనురెప్పపాటు కాలము కన్నులు మిరుమిట్లు గొలుపు వెలుగు, ఆపై గదినిండ తెల్లని పొగ. రెండవమారు తీయుట సులభము కాదు. కావున చూచుట ముందు, తీయుట తరువాత యని అతడు నేర్చుకొనెను.

అతడు చూచినవి యెట్టివి? 1911 డిసెంబరులో మాట్ వీథి మేడ పై అంతస్తున ఒక కుటుంబము పూలు చేయుచుండెను. పదుమూడేండ్ల బాలిక బడి విడిచిన తరువాత ఒక్కొక్కప్పుడు రాత్రి తొమ్మిది గంటలవరకు పని చేయును. ఎనిమిది, ఆరు ఏండ్ల పిల్లలు తోడ్పడుదురు. ఇరువది నెలల పసివాడు పూలతో ఆడుకొనుచున్నాడు. త్వరలో వాడును చేయి సాయము చేయునని ఇంటివా రాశించుచున్నారు. తండ్రి బండి తోలును, అదియు పని దొరకిన దినముననే. ఇందఱును కలిసి పూలవలన దినమునకు సంపాదించునది నలువది మొదలు ఏబది సెంట్లు. ఆనాడు ఆ నగరమున భూగర్భ రైలులో ఒక్క ప్రయాణమునకు రుసుము అయిదు సెంట్లు. ఒక కుటుంబపు దినశ్రమ ఎనిమిది, పది రైలు టిక్కెట్ల వెల!

మఱియొక యింట మూడేండ్ల పాప పూవు నడిమి కేసరమును రేకులలో గ్రుచ్చుచుండెను. అది ఆట కాదు, పని. ఆమె అప్పుడప్పుడు రాత్రి ఎనిమిది గంటల వరకును, అక్కలును అన్నలును పది గంటల వరకును అట్లే కూర్చుందురని ఇంటివారే చెప్పిరి. హడ్సన్ వీథిలో నేల క్రింది గదియందు నాలుగేండ్ల బాలుడు, ఆరేండ్ల బాలిక, తొమ్మిదేండ్ల బాలిక తల్లితో కూడ గట్టికాయలనుండి పప్పు తీయుచుండిరి. ఆరేండ్ల బాలిక మురికిచెప్పులతోనే కాయల సంచి నోటిపై నిలువబడి పెద్ద మడతకత్తితో పప్పు పెకలించుచుండెను. ఆ పప్పే పిదప సంపన్నుల యింట మిఠాయిలలో చేరును. ఇంకొక వీథిలో ఒక బాలిక ఇంట కుట్టిన బట్టల మూటను మోసికొనిపోవుచు హైన్‌కు ఎదురయ్యెను. అతడు ప్రశ్నింపగా ఆమె పెదవి విప్పి పలుకలేదు. ఆమె మౌనమును కూడ హైన్ తన పుస్తకమున వ్రాసికొనెను.

ఈ వ్రాసికొనుటయే హైన్ గొప్పతనమునకు మూలము. ప్రతి చిత్రమునకును స్థలము, తేది, వయస్సు, పని గంటలు, కూలి వివరముగా వ్రాసెడివాడు. కర్మాగారములలో యజమానులు అతనిని లోనికి రానీయనప్పుడు కొన్నిమారులు బైబిలు అమ్మువానిగను, యంత్రముల చిత్రకారునిగను వేషము మార్చెను. జేబులోనే చేయి యుంచి చాటుగా వ్రాసికొనెను. తన కోటు గుండీలు నేలనుండి ఎంతెంత ఎత్తున నున్నవో ముందుగానే కొలిచి యుంచుకొని, బాలుడు ఏ గుండీ వఱకు వచ్చునో చూచి, అతని ఎత్తు నిర్ణయించెడివాడు. ఇంత జాగ్రత్త ఎందులకు? చిత్రము అబద్ధమని యజమానులు వాదింతురని అతడెఱుగును. ఛాయాచిత్రములు అబద్ధమాడకపోయినను, అబద్ధమాడువారు ఛాయాచిత్రములు తీయగలరని 1909లో ఒక మహాసభలో అతడే హెచ్చరించెను. తన చిత్రములో కల్పన లేదని నిరూపించు బాధ్యత తనదేయని అతడు భావించెను. ఒక్క చిత్రము తప్పని తేలినచో వేలకొలది బాలల పక్షమే వీగిపోవును.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. బిడ్డలచే పని చేయించిన ఆ తల్లులు కఠినాత్ములా? హైన్ చిత్రములు నిదానించి చూచినవా రెవరును అట్లు తలపరు. తండ్రికి నిలుకడ గల పని లేదు. చంటిబిడ్డను విడిచి తల్లి కర్మాగారమునకు పోజాలదు. ఇంటికి వచ్చిన పని దేవుడిచ్చిన వరమువలె తోచును. అయితే డజనుకు చెల్లించు కూలి ఎంత తక్కువయనగా, ఒక్కరి చేతులతో అద్దె నిండదు. కావున బిడ్డల చేతులును చేరవలసి వచ్చును. బిడ్డల చేతులు చేరినకొలది వర్తకుడు కూలిని తగ్గింపగలడు. కూలి తగ్గినకొలది ఇంకను చిన్నబిడ్డలు చేరుదురు. పేదరికమువలన బాలశ్రమ కలుగుటయే కాదు, బాలశ్రమవలన పేదరికము వృద్ధియగును. ఈ విషచక్రమునే హైన్ చూపదలచెను. నేరము ఆ బల్లచుట్టు కూర్చున్నవారిది కాదు. బల్లపైకి ఆ పనిని పంపిన యేర్పాటుది.

అయినను పరుల యింటిలోనికి పోయి వారి లేమిని లోకమునకు చూపుట సున్నితమైన విషయము. కొన్ని చిత్రములలో తల్లి కన్నులెత్తి చూడదు. పని వంకనే చూచును. హైన్ వ్రాతలలో ఇండ్ల మురికిని గూర్చి కటువైన మాటలును కలవు. నేటి పాఠకునకు అవి నొప్పి కలిగింపవచ్చును. కాని అతని కెమేరా బిడ్డలను ఎన్నడును చులకన చేయలేదు. దానిని వారి కన్నుల ఎత్తునకు దించి, వారి ముఖములను తేటగా చూపెను. చూచువానికి జాలి కంటె ముందు గౌరవము కలుగును.

చిత్రములు సంఘపు కరపత్రములలోను, పత్రికలలోను, గోడప్రకటనలలోను వెలువడినవి. దీపయంత్రముతో తెరపై చూపబడినవి. కాని చట్టపు నడక మందకొడిది. అద్దెమేడలలో చుట్టలు చుట్టుటను నిషేధించుచు న్యూయార్కు రాష్ట్రము 1884లో చేసిన చట్టమును, మనుష్యుడు తన యింట పని చేసికొను స్వాతంత్ర్యమునకు భంగమని, 1885లో న్యాయస్థానము కొట్టివేసి యుండెను. ఆ తరువాత అనుమతి పత్రముల పద్ధతి వచ్చినను తనిఖీ చేయువారు చాలకపోయిరి. 1911 మార్చి 25వ తేదీన ట్రయాంగిల్ అను దుస్తుల కర్మాగారమున అగ్ని చెలరేగి 146 మంది మరణింపగా, రాష్ట్రప్రభుత్వము విచారణ సంఘము నేర్పరచెను. ఆ సంఘము ఇంటిపనిని గూర్చియు విచారించెను. 1913లో ఆహారపదార్థములు, బొమ్మలు, పసిపిల్లల దుస్తులు అద్దెమేడలలో తయారుచేయరాదని శాసనమైనది. పూలు మాత్రము ఆ పట్టికలో చేరలేదు.

దేశమంతటికి వర్తించు చట్టము 1916లో వచ్చినది. 1918లో అత్యున్నత న్యాయస్థానము దానిని చెల్లదనెను. సంఘము నిరాశ చెందక కృషి సాగించెను. తుదకు 1938లో న్యాయమైన శ్రమప్రమాణముల చట్టము వెలసి బాలశ్రమకు హద్దు లేర్పరచెను. 1941లో అత్యున్నత న్యాయస్థానము దానిని సమర్థించెను. ఇది హైన్ ఒక్కని విజయము కాదు. పరిశోధకులు, ఉపాధ్యాయులు, కార్మికసంఘములు, శాసనసభ్యులు ఎందఱో శ్రమించిరి. వారి వాదములకు ముఖము నిచ్చినవాడు మాత్రము హైన్.

ఆ ముఖములను లోకమునకు చూపినవానిని లోకము మరచిపోయెను. 1930, 1931 సంవత్సరములలో ఎంపైర్ స్టేట్ భవన నిర్మాణమున ఆకాశములో వ్రేలాడుచు పనిచేయు కార్మికులను చిత్రించి కొంత ఖ్యాతి గడించినను, క్రమముగా పని దొరకక ఇల్లు పోగొట్టుకొనెను. 1940 నవంబరు 3వ తేదీన పేదరికములోనే మరణించెను. కాని చిత్రములు మరణింపలేదు. బాలకార్మిక సంఘము కొఱకు అతడు తీసిన అయిదువేలకు పైబడిన చిత్రములు నేడు అమెరికా జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

ఈ కథ అమెరికాతో ముగిసినది కాదు. 2024లో ప్రపంచమున సుమారు పదుమూడు కోట్ల ఎనుబది లక్షలమంది బాలలు శ్రమలో నున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ సంస్థ కలిసి అంచనా వేసినవి. మన దేశమున రాజ్యాంగపు 24వ అధికరణము పదునాలుగేండ్లలోపు వారిని కర్మాగారములలోను, గనులలోను నియమింపరాదని శాసించుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలలందఱకు బడి హక్కు అని చాటినది. 2016 నాటి సవరణ పదునాలుగేండ్లలోపు వారిచే ఏ పనియు చేయింపరాదనినను, బడివేళలు కాని సమయములందు అపాయకరము కాని కుటుంబపు పనిలో తోడ్పడవచ్చునని మినహాయించినది. నిజామాబాదు, కరీంనగరము ప్రాంతములలో వేలకొలది స్త్రీలు ఇండ్లలోనే బీడీలు చుట్టుదురు. అట్టి యిండ్లలో తల్లికి సాయమెంత, కూలిపని యెంత యను ప్రశ్న నేటికిని సజీవమే. బడిలో లేని ప్రతి బాలుడును బాలకార్మికుడే యను సూత్రముతో రంగారెడ్డి జిల్లా గ్రామములలో కృషిచేసిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే బహుమానము లభించినది.

మూసిన తలుపు వెనుక జరుగునది ఎవరికిని కనబడదు. కనబడనిదానికి చట్టము చేయువారుండరు. హైన్ వద్ద అధికారము లేదు, ధనము లేదు. ఒక పెట్టె, కొన్ని గాజుపలకలు, ఒక చిన్న పుస్తకము ఉండెను. చూచినదానిని చూచినట్లు వ్రాసి, తేది వేసి, లోకము ముందుంచెను. అందమైన వస్తువు చేతికి వచ్చినప్పుడు, ఇది ఎవరి చేతులనుండి వచ్చినదని ఒక్క క్షణ మాలోచించు గుణము ఆతని చిత్రములవలన మనకు అలవడినచో, చీకటి గదులలోని ఆ చిన్ని చేతుల శ్రమకు కొంత ఋణము తీర్చుకొన్నవార మగుదుము.

ప్రశ్నలు

1. వర్తకులు పనిని కర్మాగారములలో గాక పేదల యిండ్లలో చేయించుటకు గల కారణము లేవి?
2. హైన్ తన చిత్రములకు వయస్సు, తేది, కూలి వివరములు ఎందులకు వ్రాసి యుంచెను?
3. "పేదరికమువలన బాలశ్రమ కలుగుటయే కాదు, బాలశ్రమవలన పేదరికము వృద్ధియగును." ఈ వాక్యమును వివరింపుము.
4. 1884 మొదలు 1941 వఱకు ఇంటిపనికిని, బాలశ్రమకును సంబంధించిన చట్టములకు ఏ గతి పట్టెనో కాలక్రమమున వ్రాయుము.
5. ఇంటిలో తల్లిదండ్రులకు సాయపడుట ఎప్పుడు మంచిది? అది ఎప్పుడు బాలశ్రమ యగును? మీ అభిప్రాయము తెలుపుము.